మెత్తటి మాటల్లేని భాష

జ్యోతిలక్ష్మి మగ్గం గుంతలో కూర్చుని, దారం మోసే నాడె విసిరినప్పుడల్లా నోట్లో ఏదో గొణుక్కోవడం చూసి, ఆ వీధి ఆడవాళ్లు మొదట్లో ఏ దేవుడి నామమో అనుకున్నారు. శ్రావణమాసం కదా, అట్లా అనుకోవడంలో తప్పేమీ లేదు. తీరా చెవిలో తీగ కనబడితే ఒకామె ఉండబట్టలేక అడిగేసింది. డచ్చి భాష నేర్చుకుంటున్నానని జ్యోతిలక్ష్మి చెప్పింది. ఆమె ఇంకేమీ అడగకుండా బిందె ఎత్తుకుని నీళ్ల ట్యాంకరు దగ్గరికి వెళ్లిపోయింది. ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాళ్లకు కొదవ లేదు గానీ, నేస్తూ నేస్తూ గొంతులోంచి గరగరమని ఖకారాలు తీసేది మాత్రం ఈమె ఒక్కతే.

నేర్పేది కూతురు. ఆశ్రిత బెంగుళూరులో కూరగాయల విత్తనాల కంపెనీలో పని చేస్తుంది. అదే కంపెనీలో పని చేసే యెరూన్ అనే డచ్చి పిల్లవాణ్ని చేసుకుంటానంది. అతను ఉగాదికి ఇంటికొచ్చి, చాప మీద కాళ్లు మడుచుకోలేక పక్కకు ఒరిగిపోతూనే పెట్టిన ఓళిగలన్నీ తిన్నాడు. ఎర్రగా ఉన్నాడు, పేరేమో నోరు తిరగదు అని జ్యోతిలక్ష్మి అత్త ఓబులమ్మ అతన్ని ఎర్రన్న చేసేసింది. ఎవరికీ పేచీ లేకపోయింది. వచ్చే ఆదివారమే నిశ్చితార్థం. ముందురోజు ఎర్రన్న తల్లి దిగుతోంది.

ఆ వియ్యపురాలి పక్కన తాను మూగదానిలా కూర్చోకూడదు. జ్యోతిలక్ష్మి పట్టుదలంతా ఇదే. మరిది చంద్రమోహన్‌కు పట్టుచీరల దుకాణం ఉంది కాబట్టి ఇంగ్లీషు వచ్చు. మాటలన్నీ అతనే మాట్లాడతాడు, నవ్వాల్సిన చోట అందరూ నవ్వుతారు, తానేమో ఇంకొకరి మొహం చూసి కాస్త వెనకగా నవ్వాలి. ఆ వెనక నవ్వంటే ఆమెకు మంట. కూతుర్ని ఇస్తున్న ఇంటి మనిషితో తన నోటితో తాను నాలుగు ముక్కలు మాట్లాడుకోవద్దూ! ఇంగ్లీషూ రాదు, డచ్చీ రాదు. నేర్చుకునేదేదో ఆ మనిషి ఇంటి మాటే నేర్చుకుంటే పోలా అనుకుంది.

ఆశ్రిత పాఠాలను తన గొంతుతోనే రికార్డు చేసి ఫోనుకు పంపేది. ఈ భాషలో క్రియ ఎప్పుడూ రెండో చోటే నిలబడుతుందని మొదటి పాఠం. 'ఇక్ వేఫ్ అన్ సారీ', నేను చీర నేస్తున్నాను. ముందర 'ఈరోజు' అని పెడితే 'ఫన్‌దాఖ్ వేఫ్ ఇక్ అన్ సారీ'. అప్పుడు 'నేను' లేచి వెనక్కి పోతుంది గానీ 'నేయడం' మాత్రం చోటు వదలదు. అయితే, 'ఎందుకంటే' అనడానికి 'ఓమ్‌దత్' అంటే మాత్రం ఆ క్రియే బుద్ధిగా వాక్యం చివరికి పోయి, మన తెలుగులో లాగా కూర్చుంటుంది. ఆ పాఠం విన్న రోజు జ్యోతిలక్ష్మికి పరాయి ఊర్లో చుట్టం కనబడినంత సంతోషమైంది. చిక్కల్లా 'ద', 'హెత్'లతోనే. ప్రతి వస్తువు పేరుకు ముందరా ఈ రెంట్లో ఒకటి తగిలించాలి. ఇంటికి హెత్, ఆ ఇంటి తలుపుకేమో ద. ఎందుకని అడిగితే ఎందుకూ లేదు, అంతే, బట్టీ పట్టుకోమంది కూతురు.

మగ్గం పక్కనే రాట్నం ముందర కండెలు చుడుతున్న ఓబులమ్మకు ఈ సంగతి మహా నచ్చింది. అర్థం పర్థం లేని కట్టుబాట్లు మనకే ఉన్నాయనుకున్నాను, వాళ్లకూ ఉన్నాయన్నమాట అని తృప్తి పడింది. ముసలామెకు ఆ భాషలో పనికొచ్చే పాఠం ఒక్కటే కనబడింది. ఎదుటివాళ్లకు పని చెప్పే పాఠం. కొమ్ అంటే రా. ఏత్ అంటే తిను. ఖా జిట్టెన్ అంటే కూర్చో. ఒక్క ముక్కతో పనైపోతుంది, ఇది అత్తల కోసం పెట్టిన పాఠమే అని తేల్చేసింది. అందులోనూ ఆమెకు బాగా అలవాటైన మాట 'స్ఖౌఫ్ ఒప్', అంటే జరుగు. మగ్గానికీ గోడకూ మధ్య రాట్నం పట్టేటంత సందే ఉంది. జ్యోతిలక్ష్మి గుంతలోంచి లేవాలంటే అత్త జరగాలి. అత్త కాళ్లు చాపుకోవాలంటే కోడలు దారం బుట్ట జరపాలి. అందుకని ఆ మాట ఆ ఇంట్లో కాఫీ, చక్కెర లాగా రోజువారీ మాటైపోయింది.

ఒక్క వాక్యం మాత్రం జ్యోతిలక్ష్మి వినీ విననట్టు దాటేసింది. 'మెయ్న్ మన్ హేత్తె' అని మొదలుపెట్టి, నా భర్త పేరు ఫలానా అని చెప్పాలి. ఆమె ఆ పేరు ఏనాడూ నోటితో అన్నది కాదు. మనిషి ఉన్నప్పుడు అనలేదు, పోయాకా అనలేదు. ఎవరైనా అడిగితే ఆశ్రిత వాళ్ల నాయన అంటుంది. ఇంకా గట్టిగా అడిగితే గోడ మీది ఫోటో వైపు చూస్తుంది.

బుధవారం మధ్యాహ్నం చంద్రమోహన్ వచ్చాడు. మంచివాడే. అన్న పోయాక ఆశ్రితను తన పిల్లలతో పాటు చదివించాడు. వదిన అంటే గౌరవం, తల్లి అంటే భయం. కాకపోతే నలుగురేమంటారో అన్నది అతనికి పొద్దున కాఫీ కంటే ముందే గుర్తొస్తుంది. గడప మీద కూర్చుని షామియానా సంగతి, వంటవాళ్ల సంగతి, ఈ ఏడు కూడా వాన మొహం చాటేసిన సంగతి అన్నీ చెప్పాడు. నిశ్చితార్థం చాపల మీద తానూ తన భార్య పద్మజా కూర్చునేది, తాంబూలాల వక్కాకు పళ్లెం వాళ్లే అందుకునేది జ్యోతిలక్ష్మికి ముందే తెలుసు. భర్త లేని ఆడది ఆ పళ్లెం ముట్టదు. ఆ పూట తన చోటు వంటింట్లో అని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వానలు రాకపోవడం లాగానే అది కూడా ఉన్నదే అనుకుని, దాన్ని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

కొత్త చిక్కేమిటంటే, ఎర్రన్న తల్లికి కూడా భర్త లేడు. కుల సంఘం పెద్ద గోవిందప్ప ఆ మాట ఎత్తాడట.

"ఆయమ్మ చాప మీద కూర్చుంటే బాగుండదు వదినా," అన్నాడు చంద్రమోహన్. "ఎర్రన్నతో పని చేసే డచ్చోళ్లు మొగుడూ పెండ్లాలు బెంగుళూరు నుంచి వస్తాండారు. ఆళ్లు కూర్చుంటారు. ఆయమ్మకు ముందే ఒక మాట చెప్పి పెట్టాల."

"చెప్పప్పా. నీకు ఇంగ్లీషు వస్తాది కదా."

అతను మెడ గోక్కున్నాడు. "మగోణ్ని, నేనెట్లా చెప్పేది? ఆడోళ్ల మాట ఆడోళ్లే చెప్పుకోవాల. నువ్వయితే ఆళ్ల బాసలోనే మెల్లగా చెప్తావు. ఆశ్రితకు మాత్రం తెలియనీయొద్దు, అది ఎగిరి పడతాది."

రాట్నం ఆగింది. "ఎందుకురా ఆయమ్మ కూర్చోకూడదు?" అని అడిగింది ఓబులమ్మ.

"ఎందుకంటే... అంతే మా. నీకు తెలీందా?"

"తెలుసులే. దీనికి ద, దానికి హెత్," అని ముసలామె మళ్లా రాట్నం తిప్పుకుంది. చంద్రమోహన్‌కు ఏమీ అర్థం కాక వదిన వైపు చూశాడు. జ్యోతిలక్ష్మి సరేలేప్పా అంది. అనేశాక అదేమంత పెద్ద పని కాదనిపించింది. నిజం చెప్పొద్దూ, లోపల్లోపల కాస్త గర్వం కూడా కలిగింది. ఇన్నాళ్లూ తన డచ్చిని చూసి నవ్విన ఇంటికి ఇప్పుడు అదే డచ్చి కావాల్సొచ్చింది మరి.

మర్నాడు పొద్దున్నే దీపం పెట్టుకుని మగ్గం గుంతలోకి దిగింది. మగ్గం మీద ఉన్నది వియ్యపురాలికి పెట్టాల్సిన చీరే. మామిడాకు పచ్చ, వక్కరంగు అంచు, కొంగుకు జరీ బుటాలు. ఒళ్లంతా అయిపోయి కొంగు మిగిలింది. కాలి కింది పలక తొక్కితే పడుగు నోరు తెరుస్తుంది. నాడె ఇటునుంచి అటు పోతుంది. ఆ తాళానికి వాక్యం అల్లుకోవడం ఆమెకు అలవాటు. 'ఊ మఖ్ నీత్ జిట్టెన్.' మీరు కూర్చోకూడదు. ఇది సులువుగానే వచ్చింది. ఊ అంటే మర్యాదగా మీరు. మర్యాదకేం లోటు లేదు అనుకుంది.

కానీ ఆ మనిషి ఎందుకని అడుగుతుంది కదా. డచ్చివాళ్లు ప్రతిదానికీ ఎందుకని అడుగుతారని ఆశ్రిత ముందే చెప్పింది. కాబట్టి ఓమ్‌దత్ కూడా సిద్ధం చేసుకోవాలి. ఓమ్‌దత్ అన్నాక క్రియ చివరికి పోతుంది, తెలుగు మాదిరే. 'ఓమ్‌దత్ ఊ మన్ దోద్ ఇస్.' తప్పు లేకుండా వచ్చింది. ఆ సంబరంలో పైకే అనేసింది. అన్న తర్వాత అర్థం చెవిన పడింది. ఎందుకంటే మీ మొగుడు చచ్చిపోయాడు. పలక మీద కాలు అట్లాగే ఆగిపోయింది.

తెలుగులో అయితే ఈ మాటకు ఎన్ని పరుపులు వేస్తాం! కాలం చేశారంటాం, దాటిపోయారంటాం, పసుపు కుంకాలకు నోచుకోలేదంటాం. అసలు మాటే అనకుండా కళ్లతో చెప్పేస్తాం. జ్యోతిలక్ష్మికి వచ్చిన డచ్చిలో పరుపులు లేవు. కొత్తగా నేర్చినవాళ్లకు ఎముకల్లాంటి మాటలే వస్తాయి, కండ ఇంకా పట్టి ఉండదు. ముందర దయచేసి అని పెట్టి చూసింది. 'దయచేసి, మీ మొగుడు చచ్చిపోయాడు' అన్నట్టై మరీ అన్యాయంగా వినబడింది. సారీ అని చేర్చి చూసింది. సారీ చెప్పుకునే పని ఎందుకు చేస్తున్నావు అని తననే ఎవరో అడిగినట్టైంది. ఆశ్రితకు ఫోను చేసి మెత్తటి మాట ఏదన్నా ఉందా అని అడుగుదామనుకుంది. ఫోను కలిసింది. తీరా కూతురి గొంతు వినగానే, ఆయమ్మ కారం తింటుందా తినదా అని అడిగి పెట్టేసింది.

ఇంతలో బుటా ఒకటి తప్పింది. ఎన్నడూ తప్పని చెయ్యి. ఆమె కిందికి వంగి, గోటితో జరీ పోగులు ఒక్కొక్కటే వెనక్కి తీస్తూ ఉంటే ఓబులమ్మ మెడ చాపి చూసింది. ఏమైందే అని అడిగింది. జ్యోతిలక్ష్మి దాచకుండా వాక్యం చెప్పి, దాని అర్థమూ చెప్పింది.

ముసలామె చేతిలోని కండె పక్కన పెట్టింది. "నాకు ఎవురూ ఇట్లా చెప్పలేదే," అంది. "మీ మామ పోయినాక, వాకిట్లో కూర్చునేదాన్ని పెరట్లో కూర్చుంటి. ఎవురూ నోరు తెరిచి పొమ్మనలే. అనింటే ఎందుకని అడిగిందునేమో."

జ్యోతిలక్ష్మికి గుర్తొచ్చింది. ఆయన పోయాక చుట్టాలింట్లో మొదటి పెళ్లి. పూలబుట్ట పట్టుకుని నిలబడి ఉంటే, పద్మజ వచ్చి ఆ బుట్ట మెల్లగా చేతుల్లోంచి తీసుకుంది. పాపం, తీసుకుంటూ తీసుకుంటూ కళ్లనీళ్లు కూడా పెట్టుకుంది. ఒక్క మాట లేదు. ఆ ఒక్క మాట ఇప్పుడు తనకు దొరికింది, అదీ ఇంకొకామె మొహం మీద అనడానికి. ఒళ్లు మండింది. చంద్రమోహన్ మీదో, తన మీదో తేల్చుకోలేక, ఆ మంటతోనే కొంగు పూర్తి చేసి, శుక్రవారం దీపాలవేళకు చీర కోసి మగ్గం మీంచి దించింది. బుటాలు మాత్రం మళ్లీ ఒక్కటీ తప్పలేదు.

శనివారం పదిగంటల వేళకు కారు వచ్చింది. ముందు ఆశ్రిత దిగింది, తర్వాత ఎర్రన్న, ఆ తర్వాత గుమ్మం పైకమ్మికి తల తగలకుండా వంగి వంగి అతని తల్లి వచ్చింది. పేరు అన్నెకె. ఓబులమ్మ ఒకసారి నోట్లో నమిలి చూసి, అన్నక్క అని పలికింది. ఆ మనిషికి అది ఎంత నచ్చిందంటే, ఆ పూటంతా ఎవరు పేరడిగినా అన్నక్క అనే చెప్పింది. పొడగరి. మొహానికి ఎండ తగలకుండా తెల్లటి పూత పూసుకుంది. చేతులు మాత్రం పని చేసిన చేతులు, వేళ్ల కణుపులు లావుగా ఉన్నాయి. వాళ్ల ఊర్లో ఆవులు ఉన్నాయట, ఆమే పాలు పిండుతుందట.

చంద్రమోహన్ ఇంగ్లీషులో స్వాగతం చెప్పాడు. ఆమె ఇంగ్లీషులోనే బదులిచ్చింది. అందరూ నవ్వారు. జ్యోతిలక్ష్మి నవ్వలేదు. ముందుకొచ్చి, ఎన్నాళ్లనుంచో దాచుకున్న వాక్యం బయటకు తీసింది. నేను జ్యోతి, ఆశ్రిత తల్లిని, మీరు వచ్చినందుకు సంతోషం. మధ్యలో క్రియ ఎక్కడ పెట్టాలో మరిచిపోయి ఆగింది. అన్నక్క తొందరపడలేదు. ఇంగ్లీషులోకి పోలేదు. మాట అందివ్వలేదు. ఆవు పాలు దించేదాకా ఆగే మనిషి కదా, నిలబడి ఎదురుచూసింది. క్రియ వచ్చి దాని చోట్లో పడింది. అప్పుడు ఆ పొడుగు మనిషి జ్యోతిలక్ష్మి రెండు చేతులూ పట్టుకుని అంత లావు నవ్వు నవ్వింది. జ్యోతిలక్ష్మి కూడా నవ్వింది, ఎవరి మొహమూ చూడకుండా, సరిగ్గా అదే వేళకు.

ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నాక అన్నక్కకు ముక్కూ కళ్లూ కారాయి. అయినా ఇంకో బజ్జీ అడిగింది. తర్వాత మగ్గం చూస్తానంది. చూడటంతో ఆగలేదు, గుంతలో దిగుతానంది. దిగింది గానీ మోకాళ్లు మగ్గం కొయ్యకు తగులుకుని ఇరుక్కుపోయింది. జ్యోతిలక్ష్మి చేతులు పట్టి లాగుతుంటే, ఓబులమ్మ రాట్నం పట్టుకుని అడ్డంగా కూర్చుంది. "స్ఖౌఫ్ ఒప్, అత్తా," అంది జ్యోతిలక్ష్మి అలవాటుగా. గుంతలో ఉన్న అన్నక్క అది విని, ఈ పట్టుచీరల ఊర్లో ఒక ముసలామెకు తన భాషలో జరుగు అని చెప్తున్నారని తెలిసి, నవ్వీ నవ్వీ లేవలేక మళ్లా కూర్చుండిపోయింది.

మగవాళ్లు షామియానా పని చూడబోయారు. ఆశ్రిత పద్మజతో పూలకు వెళ్లింది. మగ్గం గదిలో ముగ్గురే మిగిలారు. అన్నక్క గోడ మీది ఫోటో చూసింది. చూసి, ఎవరని అడగలేదు, పేరేమిటని అడిగింది. 'హూ హేత్తె ఊ మన్?' మీ ఆయన పేరేమిటి?

జ్యోతిలక్ష్మి అలవాటుగా ఫోటో వైపే చూసింది. ఆ మనిషి ఎదురుచూస్తోంది, క్రియ కోసం ఎదురుచూసినట్టే. జ్యోతిలక్ష్మికి ఏమి తోచిందో ఏమో. తెలుగులో అయితే నాలుక కదిలేది కాదు. ఈ భాషలో ఆ పేరు అనకూడదని ఆమెకు ఎవరూ చెప్పి ఉండలేదు.

"మెయ్న్ మన్ హేత్తె... ఓబిలేష్," అంది.

రాట్నం ఆగిపోయింది. కోడలి నోట కొడుకు పేరు ఓబులమ్మ ఏనాడూ వినలేదు. ఆ ఇంట్లో ఆ పేరు పలికి ఎన్నాళ్లైందో. ముసలామె తల ఎత్తకుండానే, "ఇంగొకసారి చెప్పు," అంది.

"ఓబిలేష్," అంది జ్యోతిలక్ష్మి. ఈసారి ముందర డచ్చి పెట్టుకోలేదు. ముసలామె కొంగుతో మొహం తుడుచుకుని, దారం తెగిపోయిందని కండెను తిట్టింది. దారం ఎక్కడా తెగలేదు.

అన్నక్క తన భర్త పేరు హెంక్ అని, పోయి అయిదేళ్లని, ఆవులకు కూడా అతని గొంతు గుర్తుండేదని చెప్పింది. అతను పోయాడనడానికి ఆమె కూడా అదే మాట వాడింది. దోద్. పరుపుల్లేవు. కానీ ఆమె నోట ఆ మాట ఎవరినీ ఎక్కడికీ పొమ్మనడం లేదు. ఉన్న సంగతి చెప్పి పక్కన కూర్చుంటోంది, అంతే. ఇంతకుమించి మంచి సమయం దొరకదు, ఇప్పుడే చెప్పేయాలి అని జ్యోతిలక్ష్మికి తెలుసు. నోరు తెరిచింది కూడా. తెరిచిన నోటితో, మెయ్న్ మన్ ఓక్, మా ఆయన కూడా అంది. సాయంత్రం చంద్రమోహన్ వాకిట్లోంచి కళ్లతో అడిగితే, రేపు చెప్తాలేప్పా అని లోపలికి పోయింది.

ఆదివారం పొద్దున వీధికి అడ్డంగా షామియానా లేచింది. గాలి ఒకటే వీస్తోంది. అయ్యవారు అక్షింతల పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. గోవిందప్ప ముందు వరసలో కుర్చీ వేయించుకున్నాడు. చాపల మీద ఒకవైపు చంద్రమోహన్, పద్మజ కూర్చున్నారు. ఎదురుగా బెంగుళూరు నుంచి వచ్చిన డచ్చి మొగుడూ పెళ్లాలను తెచ్చి కూర్చోబెట్టారు. అదంతా మర్యాద అనుకుని వాళ్లు నవ్వుతూ కూర్చున్నారు. ఓబులమ్మ చేతికర్ర పక్కన పెట్టుకుని పెరటి గుమ్మం దగ్గర ఎప్పటి చోట్లో ఉంది. జ్యోతిలక్ష్మి వంటింట్లో పప్పు దించుతోంది.

అప్పుడు అన్నక్క గదిలోంచి బయటకు వచ్చింది. మామిడాకు పచ్చ చీరను పద్మజ అంతకుముందే ఆమెకు కట్టిపెట్టింది. కట్టడం బాగానే కట్టింది గానీ మనిషి పొడుగు కావడంతో అంచు పాదాలకు జానెడు పైనే ఆగిపోయింది. అయినా ఆ రంగు ఆ మనిషికి ఎంత బాగుందో! ఆమె వచ్చి, చాపల చుట్టూ చూసి, తన చోటు ఎక్కడో తెలియక నిలబడింది. మొహాన నవ్వు ఉంది, కళ్లు మాత్రం వెతుకుతున్నాయి. ఆశ్రిత చిన్నాయన వైపు చూసింది. చంద్రమోహన్ తల వంచుకుని వక్కాకులు సర్దడం మొదలుపెట్టాడు. గోవిందప్ప దగ్గాడు. పద్మజ వంటింటి వైపు చూసి, అక్కా అని మెల్లగా పిలిచింది.

జ్యోతిలక్ష్మి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. అందరూ ఆమె వైపే చూస్తున్నారు. రెండు వాక్యాలూ నోట్లో సిద్ధంగా ఉన్నాయి, ఒక్క క్రియ కూడా చోటు తప్పలేదు. ఆమె అన్నక్క మొహం చూసింది. నిన్న పేరు కోసం ఎదురుచూసిన మొహమే అది. ఇప్పుడూ అట్లాగే ఎదురుచూస్తోంది.

"కొమ్," అంది జ్యోతిలక్ష్మి. "ఖా నాస్ట్ మెయ్ జిట్టెన్."

అని, ఆమె చెయ్యి పట్టుకుని చాపల మధ్యకు తీసుకొచ్చి, మొదట తాను కూర్చుని, పక్కన ఆమెను కూర్చోబెట్టుకుంది. డచ్చి మొగుడూ పెళ్లాలు అసలు మనుషులు వచ్చేశారని సంబరపడి, గబగబా లేచి చోటిచ్చారు. గాలికి షామియానా గుడ్డ టపటపలాడుతోంది.

"ఏం చెప్పినావు వదినా?" అన్నాడు చంద్రమోహన్ పళ్ల మధ్య నుంచి.

"రా, నా పక్కన కూర్చో అని చెప్పినా."

"నేను చెప్పమన్నది అది కాదు కదా."

"నువ్వు చెప్పమన్నది ఆ బాసలో చెప్పుకొని చూసినాప్పా," అంది జ్యోతిలక్ష్మి. గొంతు పెంచలేదు, దించనూ లేదు. "మనిషి మొహం చూసి అనే మాట కాదది. తెలుగులో కూడా కాదు. అందుకే ఇన్నాళ్లూ ఎవురూ నాతో అనలేదు."

గోవిందప్ప నోరు తెరవబోయాడు. అంతకంటే ముందే పద్మజ లేచింది. ఎవరితోనూ ఏమీ అనకుండా తన ముందరున్న వక్కాకు పళ్లెం తీసి జ్యోతిలక్ష్మి చేతుల్లో పెట్టింది. ఇన్నేళ్ల కింద ఆ చేతుల్లోంచి పూలబుట్ట తీసుకున్నదీ ఆమే. ఆశ్రిత ఏడుస్తోందో నవ్వుతోందో ఎర్రన్నకు అర్థం కాక రుమాలు ఇచ్చి చూశాడు. అయ్యవారు అందరినీ ఒకసారి చూసి, ముహూర్తం దాటిపోతాంది, కూర్చున్నోళ్లు కూర్చునే ఉండండి, కన్నోళ్లు ఇచ్చి పుచ్చుకుంటే నా శాస్త్రానికి ఏ లోటూ లేదని మంత్రం అందుకున్నాడు. ఆయనకు ఆ పూటే ఇంకో నిశ్చితార్థం కూడా ఉంది మరి. గోవిందప్ప తెరిచిన నోట్లో వక్క ఒకటి వేసుకున్నాడు.

పళ్లెం జ్యోతిలక్ష్మి చేతుల్లోంచి అన్నక్క చేతుల్లోకి వెళ్లింది. పెద్ద చేతులు, కణుపులు లావైన చేతులు, ఒక్క వక్క కూడా దొర్లనీయకుండా పట్టుకున్నాయి. జ్యోతిలక్ష్మికి కళ్లు నిండిపోయాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక అట్లాగే వదిలేసింది.

అప్పుడు వెనక కర్ర చప్పుడైంది. పెరటి గుమ్మం దగ్గర ఎవరూ లేరు. ఓబులమ్మ కొత్తచీర కుచ్చెళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, మనుషుల మధ్య నుంచి నిదానంగా నడిచి వస్తోంది. ఆ ఇంటి శుభకార్యంలో ముసలామె వాకిటి వైపు రావడం చంద్రమోహన్ ఊహ తెలిశాక చూడలేదు. ఆమె వచ్చి చాప అంచున, సరిగ్గా కొడుకు నెత్తి మీద నిలబడింది. అతను తల ఎత్తి, ఏమి మా అన్నాడు.

"స్ఖౌఫ్ ఒప్," అంది ఓబులమ్మ.

చంద్రమోహన్‌కు ఆ ముక్క తెలియదు. వదిన వైపు చూశాడు. ఆమె చెప్పలేదు. పళ్లెం ఒళ్లో పెట్టుకుని అన్నక్క అప్పటికే నవ్వాపుకోలేక ఊగిపోతోంది. ముసలామె రెండోసారి చెప్పలేదు, కర్ర చివరతో చాప మీద ఒక్కటి తట్టింది.

చంద్రమోహన్ జరిగాడు.